అంచులో ఇరవై మూడు

"పన్నెండుకల్లా ఇంట్లో ఉండాలి నువ్వు. ఆ గాజుముక్కలేం పారిపోవు," అన్నాడు మా ఆయన కయోండో, రేడియో గొంతు తగ్గించకుండానే.

అప్పటికి గంట నుంచి వంటింటి గుమ్మంలో కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కుతున్నాను. మధ్యాహ్నం అతని వంశపెద్దలు ఏడుగురు భోజనానికి వస్తున్నారు. అతని మేనత్త, మేమంతా సెంగా అని పిలిచే ఆవిడ, ముందురోజే మసాకా నుంచి వచ్చింది. నా పక్కన చాప మీద కూర్చుని నా వేళ్ళ వంకే చూస్తోంది.

"సగం కాయ తొక్కతోనే పోతోంది. చదువుకున్న కోడలు చెక్కితే ఇంతే మరి," అంది, కోపమేమీ లేకుండా.

"సరే సెంగా," అని కత్తి ఇంకాస్త పలచగా ఆనించాను. కాయలు ఆకుల్లో చుట్టి పొయ్యి మీదికెక్కించి, పిల్లలిద్దరికీ గంజి పోసి బయటపడేసరికి ఏడు దాటింది.

కంపాలాలో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పొదిగి, పొరలుగా కోసి, రంగు వేసి స్లైడు మీద పరుస్తాను. మైక్రోస్కోపు కింద విడిపోతున్న కణాలను లెక్కపెడతాను. రిపోర్టు టైపు చేస్తాను. కింద సంతకం డాక్టరుది.

ఆ రోజు నా ముందున్నవి నకిబూలే అనే ఆవిడ స్లైడులు. ముప్పై నాలుగేళ్ళు, సంతలో చేపలమ్ముతుంది. ఒకటి రొమ్ములో బాగున్న చోటు నుంచి తీసింది, రెండోది గడ్డలోంచి. మొదటిదాంట్లో ఎంత జరిపినా కణాలన్నీ కుదురుగా, దేని చోటులో అది ఉన్నాయి. చాలాసేపు వెతికితే ఒక్కటి దొరికింది విడిపోతూ. దాని లోపలి నల్లటి పోగులు నడుమ వరస కట్టి, సరిగ్గా రెండు వాటాలై, చెరో వైపుకీ జరిగి ఉన్నాయి. గడ్డ స్లైడు పెట్టాను. వెతికే పనే లేదు. ఎటు చూసినా విడిపోతున్న కణాలే. కొన్నిట్లో పోగులు రెండు వైపులకి కాక మూడు వైపులకి లాగబడి ఉన్నాయి. కొన్నిట్లో ఒక పక్కకి ఎక్కువ, ఒక పక్కకి తక్కువ. గడ్డ నడుమ రక్తం అందక కణాలు చచ్చిపోయి, లెక్కకి తక్కువే దొరుకుతాయి. అందుకే అంచులో పది చోట్ల చూసి, విడిపోతున్నవాటిని లెక్కపెట్టాను. ఇరవై మూడు.

రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టర్ లుబ్వామా వచ్చి అయిదు నిమిషాలు చూశాడు.

"ఆరు. టైపు చెయ్యి, నస్సోలో," అన్నాడు నన్ను పేరు పెట్టి పిలిచి.

"మీరు నడుమ చూశారు డాక్టర్. అంచులో చూడండి. నాకు ఇరవై మూడు వచ్చాయి."

అతను అరటి జిగురుతో నల్లబడిన నా వేళ్ళు చూశాడు. "పొద్దున్నే అరటికాయలు చెక్కొచ్చావా? నిద్ర చాలక ఒకటి నాలుగుగా కనిపిస్తున్నట్టుంది. నువ్వు రంగులెయ్యి, చూడటం నాకొదిలెయ్."

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ లుబ్వామా విద్యార్థిగా వచ్చినప్పుడు కటకం ఎలా సరిచేసుకోవాలో చూపించింది నేనే. అది అతనికి గుర్తుందో లేదో తెలీదు, నేనెప్పుడూ గుర్తుచెయ్యలేదు. ఇంట్లో నవ్వుతాను, ఇక్కడా నవ్వుతాను, నవ్వేస్తే మాట అక్కడితో అయిపోతుంది. కానీ ఈ ఆరు నాతో అయిపోయేది కాదు. ఆరంటే గడ్డ తీసి ఇంటికి పంపి, చూద్దామంటారు. ఇరవై మూడంటే వెంటనే మందులు మొదలుపెడతారు. ఆ తేడా నకిబూలే ఒంట్లో ఉంటుంది, నా నవ్వులో కాదు.

నేను టైపు చెయ్యలేదు. స్లైడు మీద గడ్డ అంచు వెంట, నేను లెక్కపెట్టిన చోట్ల నీలం సిరాతో చుక్కలు పెట్టాను. రిజిస్టరులో ఇరవై మూడు అని రాసి, పక్కన నా పేరు రాశాను. అప్పుడు ఫోన్ మోగింది.

"ఇంకా బయల్దేరలేదా?" కయోండో.

"లేదు. పులుసు సెంగాని చూడమను."

"పెద్దల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తెలీదు. నాకు పనుంది."

ఇన్నేళ్ళూ 'వాళ్ళు పంపట్లేదు' అనే చెప్పాను. నాకు పనుందని చెప్పడం అదే మొదలు.

స్లైడు తీసుకెళ్ళి లుబ్వామా మైక్రోస్కోపు కింద పెట్టాను. "ఆరని నేను టైపు చెయ్యను డాక్టర్. ఆరే అనుకుంటే మీరే చేసుకోండి. రిజిస్టరులో నా లెక్క రాశాను, నా పేరుతోనే."

అతను కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది.

"ఇరవై ఒకటి," అన్నాడు, తల ఎత్తకుండా. "ఇరవై మూడు కూడా కావచ్చు." తను కాగితం మీద రాసుకున్న ఆరుని గీత గీసి కొట్టేశాడు.

నేను ఇల్లు చేరేసరికి పెద్దలు తిని వెళ్ళిపోయారు. వండిపెట్టింది సెంగా. కయోండో వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం ఇల్లు ప్రశాంతంగానే ఉంది.

ఆ వారంలోనే రెండో రోజు నకిబూలే ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చింది. మందులు రాసే డాక్టరుకి ఇవ్వమని రిపోర్టు కవరు చేతికిచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడింది.

"లుబ్వామా డాక్టరు గారే చూశారా అమ్మా? ఆయన చూస్తే నమ్మొచ్చంటున్నారు అందరూ."

పద్నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకి నా జవాబు 'అవును' ఒక్కటే.

"ఆయనా చూశారు," అన్నాను. "ముందు చూసింది నేను."