కొట్టేసిన అంకెలు

అరవై ఏళ్ల దగ్గర ఇంతమంది ఎలా పోగయ్యారబ్బా, యాభై తొమ్మిదిలో పట్టుమని పదిమంది లేరు, అరవై ఒకటి దాదాపు ఖాళీ, అందరూ కూడబలుక్కుని అరవైలో కూర్చున్నట్టున్నారు, అనుకుని గణాంకాల ఆఫీసులో వయసుల పట్టిక ముందు నవ్వుకుంది ఆమె, అమ్మ కూడా నాలుగేళ్లుగా అరవైలోనే ఉంది మరి, అడిగితే అరవై ఉంటాయేమోనే, నువ్వే వేసుకో అంటుంది, వయసు చెప్పడానికీ బద్ధకమే ఆ మనిషికి, సరే, ఈ గుట్టను అటూ ఇటూ సర్దడం తనకు కొట్టిన పిండి, చిక్కంతా ఏ వయసులో ఎంతమంది పోతారో చెప్పే ఆయుర్దాయ పట్టిక మొదటి వరుసతోనే, ఏడాది నిండకుండా పోయిన పిల్లల వరుస, నది అవతలి ఊళ్ల జనన మరణాల రిజిస్టరులో అక్కడ సున్నా ఉంది, ఏడాది పొడుగునా ఒక్క పసిబిడ్డా పోలేదట, కాగితం లేని చావు మన లెక్కలోకి రాదమ్మా, సున్నా వేసి నాలుగింటికల్లా పంపించెయ్ అని సెక్షన్ ఆఫీసరు టీకి వెళ్లాడు, ఆయనకేం, పిల్లలు పోని చోటికి నర్సెందుకని పైవాళ్లు ఆ ఊళ్ల ఫైలు మూసేస్తారు, ఇక అక్కడికి నర్సమ్మ వచ్చినట్టే.

ఇంటింటి సర్వే కట్ట మళ్లీ విప్పింది, ఎంతమందిని కన్నారు, ఎంతమంది ఉన్నారు, ప్రతి తల్లినీ అడిగినవి ఆ రెండే, కన్నది ఐదు, ఉన్నది ఐదు, కన్నది మూడు, ఉన్నది మూడు, అతికినట్టు సరిపోతున్నాయి, మరీ అతికినట్టు, కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే ఐదు పక్కన కొట్టేసిన ఆరు, మూడు పక్కన కొట్టేసిన నాలుగు, ఓరి మీ జాగ్రత్త బంగారం కానూ, రెండంకెలూ కలవకపోతే తల్లే పొరబడిందనుకుని సర్వేవాళ్లు దిద్దేశారన్నమాట, అయినా వాళ్లననడమెందుకు, తను చేసిందేమిటి, ట్రైనింగులో మొదటి ఫారం ఇంట్లోనే నింపింది, అమ్మ కూరగాయలు తరుగుతూ నలుగురు అంది, అదేంటమ్మా, ముగ్గురమే కదా, నీ పిల్లలే నీకు గుర్తులేరా అని తను పకపకా నవ్వింది, అమ్మ కత్తి ఆపి, సరేలేవే, లెక్కలు చదువుకున్నదానివి, నీకే తెలుసు అంది, తను నాలుగు కొట్టేసి మూడు వేసింది, అప్పుడు అమ్మ ముఖం ఎలా ఉందో చూస్తేగా.

ఇంటికి ఫోన్ చేస్తే, ఎత్తగానే తిన్నావా అంది అమ్మ, తిన్నాను గానీ, నువ్వు ఎంతమందిని కన్నావమ్మా అంటే, ఇప్పుడెందుకే అవన్నీ, చెప్పమ్మా, నలుగురిని, నీకంటే ముందు ఒక పిల్ల, తొమ్మిది రోజులుంది, నీకొచ్చింది దాని ముక్కే, ఆ రోజే చెబుదామనుకున్నాను, నవ్వుతున్నావు కదా, నవ్వేదాన్ని ఏడిపించడం దేనికని ఊరుకున్నాను, అంది మామూలుగా, ఆమెకు ఎంత ప్రేమ ముంచుకొచ్చిందో ఆ మనిషి మీద, సాయంత్రం వస్తానమ్మా అని మాత్రం అనగలిగింది.

తల్లులు మొదట చెప్పిన మాటే ఖాయమనుకుని, కొట్టేసిన అంకెలతో లెక్క కట్టడం మొదలుపెట్టింది, ఆఫీసరు వచ్చి సున్నా వేశావా అంటే లేదండీ, మొదటి కట్టలోనే పుట్టిన వెయ్యిమందికి డెబ్బై దాకా పసిబిడ్డలు పోయినట్టు తేలింది అంది, ఆయన కళ్లజోడు సర్దుకుని కొట్టేసిన ఆరును చాలాసేపు చూసి, నాలుగింటికి పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకుంటాలే, రేపివ్వమ్మా అన్నాడు, ఆమె మళ్లీ కాగితాల మీదికి వంగింది, చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది, ఇంటికి పెద్దదాన్నంటూ ఇన్నేళ్లూ తమ్ముళ్లిద్దరి మీదా పెత్తనం చేసింది గానీ, తనకో అక్క ఉంది.