మోయలేని బీరువా

నేను ఒక ఇనుప బీరువాని. వరంగల్లో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. రేకులు అతికించి, ఆకుపచ్చ రంగు కొట్టి, చివర్లో తాళం బిగించి, "గడ్డపారతో పొడిచినా తెరుచుకోదు" అన్నాడు మేస్త్రీ. ఆ మాట నా తలకెక్కింది. ఇరవై రెండేళ్లు ఒక ఆఫీసులో ఫైళ్లకు కాపలా కాశాను. ఆ ఫైళ్ల కోసం ఎవరూ రాలేదు, అది వేరే సంగతి. కంప్యూటర్లు వచ్చాక నన్ను వరండాలోకి నెట్టేశారు. వానకు తడుస్తున్న నన్ను చూసి, తన బడికి అడిగి తీసుకుంది ఈసం నాగరత్నం టీచరు.

నన్ను ట్రాక్టరెక్కించడానికి నలుగురు మగవాళ్లు ఆయాసపడ్డారు. గోదావరి దాటి, అడవిలోకి పోయి, ఒక వాగు పక్కన దించారు. అక్కడ నలభై గుడిసెలు, ఒక రేకుల గది బడి. రాష్ట్రం సరిహద్దు అవతల తమ ఊళ్లలో కాల్పులకు భయపడి, ఉన్నపళంగా పారిపోయి వచ్చిన కోయవాళ్లు అక్కడ ఉంటున్నారు. వాళ్ల పిల్లలకు లైబ్రరీ పెట్టాలని టీచరు పట్టుదల.

మొదటిరోజే ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి నా తాళం ఊడదీసింది. నేను నిర్ఘాంతపోయాను. తాళం లేని బీరువా ఏం బీరువా?

పట్నం నుంచి ఒక సేవాసంఘం వాళ్లు ఏడు గోనెసంచుల పుస్తకాలు పంపారు. పిల్లలు కేరింతలు కొడుతూ విప్పారు. పాత పరీక్ష గైడ్లు, టెలిఫోన్ డైరెక్టరీ, ఎవరో పాల లెక్క రాసుకున్న డైరీలు! టీచరు సంచులన్నీ కింద గుమ్మరించింది. అంతా వెతికితే పిల్లల పుస్తకాలు అరవై రెండు తేలాయి. వాటిని నా అరల్లో పేర్చి, రోజూ ఒకటి తీసి, తెలుగులో చదువుతూ కోయలో చెప్పేది. ఇంటికి తీసుకెళ్లవచ్చని కూడా చెప్పింది.

నెల తిరిగేసరికి నా అరలు ఖాళీ. ఒక్క పుస్తకమూ తిరిగి రాలేదు. దొంగలు, అనుకున్నాను నేను. టీచరు పిల్లల్ని ఏమీ అనలేదు కానీ, పొద్దున్నే నా తలుపు తీసి చూసి ముఖం చిన్నబుచ్చుకునేది.

అప్పుడే సేవాసంఘం కార్యదర్శి విఠల్‌రావు గారు బ్యానరు, కెమెరా పట్టుకుని ఫొటో తీసుకోవడానికి వచ్చారు. నా తలుపు తీసి అదిరిపడ్డారు.

"ఇదేంటి మేడం, అప్పుడే ఊడ్చేశారా? అందుకే తాళం వెయ్యమనేది."

టీచరు తలదించుకుంది. పిల్లల్లో ఎవరూ కదల్లేదు. మడకం ముకె అనే పదేళ్ల పిల్ల మాత్రం లేచి బయటికి పరిగెత్తింది. ఆ పిల్ల బడిలో గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి ఒక గుడ్డమూట తెచ్చి నా ముందు విప్పింది. ఉప్పు పొట్లం, ఎండిన ఇప్పపువ్వు, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ కవర్లో గుర్తింపు కార్డులు, చిన్న చొక్కా. అన్నిటికీ అడుగున చేపల బొమ్మల కథల పుస్తకం.

"ఈ మూటేంటి తల్లీ?" అన్నారు విఠల్‌రావు గారు.

"గుమ్మానికి కట్టుకుంటం సారూ. మళ్లా పోవాల్సొస్తే ఇది పట్టుకొని ఉరుకుతం. పోయినసారి మా అమ్మ ఏం తెచ్చుకోలే. తమ్మున్ని ఒక్కన్నే ఎత్తుకొచ్చింది."

"మరి పుస్తకం బీరువాలోనే ఉంచొచ్చు కదా?"

ముకె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"బీరువా మొయ్యలేం గద సారూ."

ఆ మాటతో నేను కొయ్యబారిపోయాను. నా బరువే నా గొప్ప అనుకుంటూ బతికినదాన్ని. ఒక ఇల్లు ఏ క్షణంలోనైనా లేచి పరిగెత్తాల్సి రావచ్చని నాకు తట్టనేలేదు. ఆ పిల్లలనా నేను దొంగలనుకున్నది!

మిగతా పిల్లలు కూడా వెళ్లి మూటలు తెచ్చారు. అన్నిటిలోనూ పుస్తకాలున్నాయి. టీచరు ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ముకె మూటలో పుస్తకం ముందులాగే అడుగున పెట్టి, తన చేత్తోనే ముడి వేసింది. విఠల్‌రావు గారు బ్యానరు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఫొటో తీయలేదు. రెండు నెలలకు ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి అన్నీ పిల్లల పుస్తకాలే. ఒక్కోదానికి వానకు తడవని కవరు వేయించి తెచ్చారు. అవి కూడా చాలావరకు మూటల్లోకే పోయాయి.

మూడో ఏడు వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం ముకె తల్లి దేవె బడికి వచ్చింది. అంతకుముందు ఆమె గడప దాటి లోపలికి వచ్చిందే లేదు. కొంగులోంచి చేపల పుస్తకం తీసి టీచరుకు ఇచ్చింది.

"ఏమైంది దేవె, ముకె చదవడం మానేసిందా?" టీచరు కంగారుపడింది.

"లే టీచరమ్మా. ఇంటెన్క మామిడి మొక్క పెట్టిన. కాయాలంటే అయిదేండ్లంట. పుస్తకం ఈడనే ఉండనీ, పిల్ల వచ్చి సదువుకుంటది."

టీచరు పుస్తకం అట్ట తుడుస్తూ అడిగింది, "మరి మూట?"

"అది గుమ్మానికే ఉన్నది. ఉప్పు కరిగిపోతే నిన్ననే మార్చిన."

టీచరు పుస్తకాన్ని తెచ్చి నా మధ్య అరలో నిలబెట్టింది.