ఇంకొక్క చుక్క

...కింది అరలోనే ఉండాలి, గాజు సీసాల వెనకాల, పాత గుడ్డలో చుట్టి. కుక్కర్ గాస్కెట్ సాగిపోయిందని కొత్తది కొన్నదీ తనే, చేతికందేలా అక్కడ పెట్టిందీ తనే. అయినా ఇంట్లో ఇంకెవరి కంటికీ అది ఆనదు. ఇందాక భర్త ఫోన్లో అడిగినప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కానీ అదే గుక్కలో అతను ఇంకో మాట కలిపాడు.

“పిన్ని మోకాలి ఆపరేషన్ అయింది కదా, కొన్నాళ్ళు మనింట్లోనే ఉంటుంది. నీ సెలవులు కూడా సరిగ్గా ఇప్పుడే పడ్డాయి. నువ్వు చూసుకుంటావని మాటిచ్చేశాను.”

“ఈ సెలవుల్లో ఆపరేషన్ నాకండీ.”

“నీదేముంది, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఈ ఒక్కసారికి సర్దుకో.”

“టెస్టుంది, తర్వాత మాట్లాడతా” అని పెట్టేసింది. కాదు అని మాత్రం అనలేదు. గర్భసంచిలో గడ్డ. మొదట ఆడపడుచు పురుడని వాయిదా వేసుకుంది, తర్వాత అత్తగారి కళ్ళ ఆపరేషన్ అని. “మా కోడలికి ఓపిక ఎక్కువ, ఎంత పని మీద పడ్డా మొహం చిట్లించదు” అని అత్తగారు నలుగురిలో అంటే సంతోషపడింది కూడా. చమురు బావి తవ్వే ఈ రిగ్గు దగ్గర మరుగుదొడ్డి ఆమె కూర్చునే కేబిన్ నుంచి యార్డు మొత్తం దాటి అవతల ఉంది. ఆ రోజుల్లో అక్కడిదాకా నడుస్తుంటే మగవాళ్ళందరి చూపూ తన నడక మీదే ఉన్నట్టుంటుంది. “ఇంత రక్తం పోతుంటే ఎలా ఊరుకున్నారమ్మా?” అని డాక్టరమ్మ కోప్పడితే, తప్పు చేసిన పిల్లలా నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పటికీ ఆమెకు తెలియదు.

“బ్రేకు మేడం, రెడీయేనా?” వాకీటాకీలో, బయట తవ్వకం నడిపే డ్రిల్లరు గొంతు. సాగుతున్న పనిని ఆపేది ఆమే గనక రిగ్గు మీద ఆ పేరు పెట్టారు.

“రెడీ. మెల్లగా ఎక్కించండి.”

బావిలో ఇనుప గొట్టం దింపి, చుట్టూ సిమెంటు పోసి, దాని అడుగు దాటి కొత్త రాతిలో కాస్త తొలిచారు. ఇంకా లోతుకు పోవాలంటే ఆ రాయి ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో ముందు తెలియాలి. అందుకని బావి మూత బిగించి, తవ్వకంలో వాడే చిక్కటి బురదను పంపుతో కొద్దికొద్దిగా లోపలికి తోస్తారు. తోసినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, తెర మీద చుక్క వెనక చుక్క తిన్నగా పైకి ఎక్కుతుంది. ఎక్కడో ఒకచోట ఆ వరస వంగుతుంది. రాయి ఇక ఆపలేక బురదను తనలోకి రానిస్తోందని అర్థం. పంపు అక్కడ ఆపాలి. ఆపకపోతే చీలుతుంది. ఒకసారి చీలిన రాయికి మునుపటి బలం మళ్ళీ రాదు.

మేనేజరు ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ప్లానులో అనుకున్న ఒత్తిడి రాకపోతే ఇంకో గొట్టం ముందే దింపాలి, పని వెనకబడుతుంది, పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

చుక్కలు ఎక్కుతున్నాయి. ఎక్కుతున్నాయి. ఒకటి ఆ వరసకు కొంచెం కిందుగా పడింది.

“గేజు ఊగిందమ్మా, అంతే” అన్నాడు మేనేజరు. “ఇంకొక్క చుక్క చూద్దాం.”

అదీ నిజం కావచ్చు. ఒత్తిడి కొలిచే గేజు అప్పుడప్పుడు ఊగుతుంది. ఇంకొక్కటి చూస్తే రూఢి అవుతుంది. ఆమె ఎప్పుడూ అలాగే చూసేది. నొప్పి నిజంగా నొప్పేనా, అలసట నిజంగా అలసటేనా, ఇంకొక్క నెల చూద్దాం, ఇంకొక్క చుట్టం వెళ్ళనిద్దాం. విరగనంత కాలం తట్టుకుంటున్నట్టే అని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

తర్వాతి చుక్క ఇంకా కిందికి వంగింది.

“ఇంకొక్కటి...” మేనేజరు నోట్లో మాట నోట్లోనే ఉంది.

“పంపు ఆపండి” అంది ఆమె వాకీటాకీలో.

బయట పంపు హోరు తగ్గిపోయింది.

“అంత తొందరేమొచ్చింది? ఇంకాస్త ఆగితే ఏం పోయేది?”

“రాయి పోయేది సార్.”

మేనేజరు తెర వైపు చూసి, పైవాళ్ళకు ఫోన్ చేసుకోవడానికి బయటికి నడిచాడు. ఇక పని ఏమీ లేదు, ఒత్తిడి ఎక్కడ దిగి నిలుస్తుందో చూస్తూ కూర్చోవడమే. మామూలుగా ఆ కాసేపట్లో ఆమె ఇంటికి కావలసిన సరుకులు ఆలోచించుకుంటుంది. ఇవాళ తెర మీంచి చూపు తిప్పకుండానే భర్తకు ఫోన్ కలిపింది.

“పిన్నిగారికి ఎవరు చేస్తారో మీరే చూసుకోండి. నేను ఆసుపత్రిలో ఉంటాను. తేదీ మారదు.”

“ఏమైంది నీకు? అక్కడెవరైనా ఏమన్నా అన్నారా?”

“ఎవరూ ఏమీ అనలేదు.”

“మాటిచ్చేశానే! నా పరువేం కాను?”

“ఇచ్చింది మీరు కదా.”

అవతల వంటింట్లో అరలు తెరిచి మూస్తున్న చప్పుడు.

“సరే, అది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ముందు ఆ గాస్కెట్ ఎక్కడుందో చెప్పు, ఇక్కడ ఆకలితో చస్తున్నాం.”

కింది అర, గాజు సీసాల వెనకాల, పాత గుడ్డలో. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“వెతుక్కోండి” అని ఆమె ఫోన్ పెట్టేసింది.