దిష్టి చుక్క పెట్టిన ఫొటో

తిరుమల బిడ్డ ముఖం నాలుగు నెలలుగా ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేదు. నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో ఇదేమీ చిన్న సంగతి కాదు. అక్కడ ఒక ఇంటి పోపు వాసన పక్కింటి వంటగదిలో తేలుతుంది. గోడ ఒక్కటే, నల్లా ఒక్కటే. అయినా పురుటికి పుట్టింటికొచ్చిన తిరుమల, పాపను గడప దాటించిన ప్రతిసారీ కొంగు నిండా కప్పే దాటించింది.

కారణం అందరికీ తెలుసు. తొలిచూలు బాబును ఊయలలో వేసిన నాడు వాడకట్టంతా వచ్చి ముద్దాడి పోయింది. నెల తిరగకముందే వాడు పోయాడు. డాక్టరు నిమ్ము అన్నాడు. తిరుమల తల్లి లింగవ్వ కండ్లు తగిలినయన్నది. తిరుమల ఇద్దరినీ నమ్మింది. అందుకే ఈసారి మొక్కుకుంది, వేములవాడ రాజన్నకు పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా ఈ బిడ్డ ముఖం పరాయి కంట పడనివ్వనని.

పక్కింటి రాజక్క మాత్రం ఊరుకునేది కాదు. బాలింతకు కాయం మందు నూరి పంపింది ఆమె. వాన వస్తే పాప గుడ్డలు దండెం మీంచి తీసిందీ ఆమె.

"ఏందే లింగవ్వా, మనుమరాలిని బ్యాంకు లాకర్ల పెట్టినవా? తాళంచెవి ఎవరి దగ్గరున్నదే?" అని నల్లా దగ్గర నవ్వేది. నవ్వేదే కానీ, ఒకరోజు పాప వైపు చెయ్యి చాపితే తిరుమల గభాలున వెనక్కి జరిగింది. ఆ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

భర్త విజయేందర్‌ది కాగజ్‌నగర్ మిల్లులో కాంట్రాక్టు పని. సెలవు దొరకదు. రోజుకో ఫొటో పంపమనేవాడు. పంపాలంటే తిరుమలకు గుబులు, పక్కన పనిచేసేవాళ్లు తొంగి చూస్తే? అప్పుడే ఫోన్‌లో ఒక యాప్ కనిపించింది. ఫ్రీ అన్నారు. పసిపిల్ల ఫొటో పెడితే బుగ్గన దిష్టి చుక్క, చేతికి నల్లదారం అదే దిద్ది ఇస్తుంది. మొదట్లో ఇంగ్లీషులో ఏవేవో అడిగింది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన తిరుమల అడిగినదానికల్లా ఒప్పుకుంటున్నట్టు నొక్కేసింది. ఆ తర్వాత చుక్క పెట్టని ఫొటో ఒక్కటీ ఇల్లు దాటలేదు.

ఒక మధ్యాహ్నం రాజక్క బిడ్డ వనిత ఫోన్ పట్టుకొని వచ్చింది. మంచిర్యాలలో డిగ్రీ చదువుతున్న పిల్ల. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చిందట.

"అక్కా, ఈ పాపను జూడు. ఎంత ముద్దుగున్నదో. మీ పాప గూడ గిట్లనే ఉంటదా?"

తిరుమల చూసింది. బుగ్గన చుక్క. కింద లింగవ్వ పాత చీరలతో కుట్టిన బొంత. దాని మూలకు, చిరిగినచోట తను వేసిన ఎర్ర గుడ్డ అతుకు. అది తన పాపే. వనిత ఇంకా నవ్వుతూనే ఉంది. పక్కింట్లోనే ఉన్న పాపను ఆ పిల్ల గుర్తుపట్టలేదు. ఎట్లా పడుతుంది, ఎన్నడన్నా చూపిస్తే కదా.

రెండు రోజులు అన్నం సయించలేదు. పాప తుమ్మితే ఉలిక్కిపడింది, పాలు కక్కితే ఏడ్చింది. చివరికి వనితనే పిలిచి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకొని, సంగతి చెప్పింది. వనిత యాప్ తెరిచి, తిరుమల చదవకుండా నొక్కేసిన ఆ పొడుగు ఒప్పందం కాగితాన్ని కిందిదాకా జరుపుకుంటూ చదివింది. చదువుతుంటే ముఖం మారింది. అందులో పెట్టిన ఫొటోలు వాళ్లు దేనికైనా వాడుకోవచ్చునట, ఎవరికైనా ఇచ్చుకోవచ్చునట. అంతే కాదు, ఫోన్‌లో ఉన్న మిగతా ఫొటోలు చూడడానికీ తిరుమల ఒప్పుకున్నదట.

"ఫుకట్‌ల ఇస్తున్నమన్నరు గదనే" అన్నది తిరుమల.

"ఫుకట్‌ల ఇచ్చింది వాళ్లు గాదక్కా, నువ్వు."

తిరుమలకు గనిలో పనిచేసే తన బాపు గుర్తొచ్చాడు. సంతకం రాని మనిషి. కంపెనీ కాగితం ఏది వచ్చినా చదివి చెప్పేవాళ్లు దొరికేదాకా జేబులో పెట్టుకొని తిరుగుతాడు. ఒకసారి ఎనిమిది రోజులు తిరిగాడు. అది చూసి నవ్విన తను, ముక్కా ముక్కా కూడబలుక్కొని చదవగలిగిన తను, ఒక్క నిమిషం ఆగలేదు.

యాప్ తీసేస్తే ఫొటోలు పోవని వనిత చెప్పింది. యాప్ కంపెనీకి మెయిల్ రాసింది. నాలుగో రోజు జవాబొచ్చింది. ఫొటో తీసెయ్యాలంటే ఆ బిడ్డ మీ బిడ్డే అని రుజువు కావాలట. పాప పుట్టిన సర్టిఫికెట్, తల్లి ఆధార్, పాప ముఖం స్పష్టంగా కనిపించే ఇంకో ఫొటో పంపమన్నారు.



"పోయింది తెచ్చుకునేటందుకు ఉన్నది గూడ ఇయ్యాల్నా?" అన్నది తిరుమల. పంపొద్దన్నది. సర్టిఫికెట్లు ఇచ్చేది లేదనీ, ఫొటో మాత్రం తీసెయ్యాలనీ వనిత ఇంకో మెయిల్ రాసింది. దానికి జవాబు రాలేదు.

ఆ రోజు పాపకు పాలిస్తూ తిరుమల ఆలోచించింది. ఎక్కడివాళ్లో, ఏ ఊరివాళ్లో, కాయం నూరనివాళ్లు, వానలో గుడ్డలు తీయనివాళ్లు, అట్లాంటి వేలమందికి పాపను తనే చేతులారా చూపించింది. గోడ అవతలి మనిషికి మాత్రం కొంగు అడ్డం పెట్టింది.

తెల్లారి నల్లా దగ్గరికి పాపను ఎత్తుకొని వచ్చింది. కొంగు కప్పలేదు. లింగవ్వ బిందె వదిలేసి మొక్కున్నది గదనే అని అడ్డం వచ్చింది. రాజన్నకు తను చెప్పుకుంటానని తిరుమల మెల్లగా అన్నది.

అక్కడే ఉన్న రాజక్క, పాప ముఖం కంట పడకుండా, తల పక్కకు తిప్పుకుంది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ, "చూడమంటవా బిడ్డా?" అని అడిగింది.

"చూడు చిన్నమ్మా. అందరికన్న ఎనుక నువ్వే చూస్తున్నవ్."

ఆ మాట రాజక్కకు అర్థం కాలేదు. అడగనూ లేదు. పాపను ఒళ్లోకి తీసుకొని, నల్లా పక్కన తోమడానికి పెట్టిన గిన్నె అడుగున వేలితో మసి తీసి, బుగ్గన చుక్క పెట్టింది. పాప కదిలి చుక్క కొంచెం వంకరగా పడింది.

తిరుమల దాన్ని సరిచేయలేదు.