స్టూలు పట్టుకున్న మనిషి

“గట్టిగా పట్టుకో. కదిలిస్తున్నావు,” అన్నాడు స్టూలు మీదినుంచి భర్త. కదులుతున్నవి అతని మోకాళ్ళు. కర్టెన్ రాడ్డు కోసం గోడకి మూడో కన్నం పెడుతున్నాడు. మొదటి రెండూ వంకరపోయాయి. సున్నం పొడి ఆమె తలమీద పడుతోంది.

పట్టుకోవడం ఆమెకి కొత్త కాదు. పుట్టింట్లో నాన్న బల్బు మారుస్తుంటే టార్చి పట్టుకుంది. అన్నయ్య సైకిల్ నేర్చుకుంటుంటే వెనక సీటు పట్టుకుంది. హౌస్ సర్జన్‌గా ఏడాదంతా ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి, కోత మూసుకుపోకుండా ఇనుప కొక్కెం పట్టుకుంది. ముక్కు దురద పెట్టినా వదలకూడదు. “ఈ అమ్మాయి చెయ్యి గోడకి కొట్టిన మేకు,” అని పెద్ద సర్జన్ మెచ్చుకుంటే ఆ రోజు పొంగిపోయింది కూడా.

ఇప్పుడు సర్జరీ పీజీకి ర్యాంకు వచ్చింది. సీటు కోసం ఇచ్చే ఆప్షన్లలో, రెండు ఆసుపత్రుల్లో ఏది మొదట రాయాలో తేల్చుకోవడానికి ఈ సాయంత్రంతో గడువు. ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. పెద్దాసుపత్రి వీధి చివరే. “కుక్కర్ విజిల్ వినపడేంత దూరం. ఇంకేం కావాలి?” అన్నాడు భర్త. అత్తగారు ఇంకో మెట్టు ఎక్కింది. “అసలు ఈ కోతలెందుకమ్మాయ్? చర్మం డాక్టరైతే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటావు. మావాడు చల్లారిన అన్నం ముట్టడు.”

ఆమె వాదించలేదు. రెండు చోట్లకీ వెళ్ళి అక్కడ సర్జరీ పీజీ చేస్తున్నవాళ్ళని ఒకటే అడిగింది, మీ లాగ్‌బుక్ చూపిస్తారా అని. పాల్గొన్న ప్రతి ఆపరేషనూ అందులో రాసుకోవాలి. ‘సహాయం’ ఒక గడి, ‘స్వయంగా’ ఒక గడి. పెద్దాసుపత్రిలో చివరి ఏడాది డాక్టరు కాస్త మొహమాటపడి తీశాడు. సహాయం నాలుగొందల పన్నెండు. స్వయంగా తొమ్మిది. “ముందు ప్రొఫెసర్లు, తర్వాత వాళ్ళ శిష్యులు. మా వంతుకి గిన్నెలో గరిటె చప్పుడే మిగుల్తుంది మేడమ్,” అన్నాడు.

రెండోది రైల్లో ఆరు గంటలు. థియేటర్లో ఏసీ గురకపెడుతోంది. రెండో ఏడాది అమ్మాయి అపెండిక్స్ తీస్తోంది. ఎదురుగా కొక్కెం పట్టుకుని నిలబడ్డది నెరిసిన కనుబొమల పెద్దాయన, ఆ విభాగానికి అధిపతి. అక్కడి పద్ధతే అది. నేర్చుకునేవాళ్ళు కోస్తారు, నేర్పేవాళ్ళు పట్టుకుంటారు. “తొందరేం లేదు తల్లీ. దారి తప్పితే నేను చెప్తాగా,” అన్నాడాయన. చెప్పాల్సిన పని పడలేదు. ఆ అమ్మాయి లాగ్‌బుక్‌లో ‘స్వయంగా’ గడి నిండిపోతే, అదనంగా కాగితం అంటించుకుంది.

తిరుగు రైల్లో ఆమె తన ఇరవై ఏడేళ్ళనీ ఆ రెండు గడుల్లో వేసి చూసుకుంది. మొదటిది నిండింది. రెండోదాంట్లో ఒక్కటే ఉంది, ఈ ర్యాంకు. అంట్లు తోమాక చదివి తెచ్చుకున్నది. అప్పుడు ఆమె కోసం ఎవరూ ఏమీ పట్టుకోలేదు.

మూడో కన్నమూ వంకరే పోయింది.

“పొద్దున్నే రాసేశాను. రైలు దూరంది మొదట,” అంది.

డ్రిల్లు ఆగింది. “మరి ఇల్లు?”

“ఇంట్లో మీరున్నారుగా. దిగండి, నాలుగోది నేను పెడతాను.”

“నీకేం వచ్చని?”

“కింద నిలబడితే రాదు. ఎక్కితే వస్తుంది.”

అతను దిగాడు. ఆమె ఎక్కింది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని డ్రిల్లు ఆనించింది. అతను వంగి రెండు చేతులా స్టూలు పట్టుకున్నాడు. నిలకడగానే పట్టుకున్నాడు. సున్నం పొడి ఈసారి అతని తలమీద పడింది.