నలభై ఏడో నంబరు ఆబోతు

ముప్పై సెకన్లే, గోరువెచ్చని నీళ్లలో ఆబోతు బీజం నింపిన స్ట్రా పడ్డాక ముప్పై సెకన్లు, ఆ తర్వాత వెనక్కి పెట్టేది లేదు, ఇంకా పడలేదు కదా, క్యాన్‌లోనే ఉంది, మూత కలీం చేతిలో ఉంది, తెల్లటి నైట్రోజన్ పొగ పాదాల మీద పాకుతోంది, నిన్న సందేళ నుంచి పెయ్య ఒకటే అరుస్తాంది అన్నా, ఎదకొచ్చింది, జల్దీ రా అని జైనబ్ పొద్దున్నే ఫోన్ చేస్తే జమ్మలమడుగు నుంచి బండి మీద పడుతూ లేస్తూ వచ్చాడు, వచ్చినవాడు పెయ్యకు చూలు సూది వేసి పోవాలి, పదిహేడేళ్లుగా చేస్తున్న పనే, మరి ఈ చెయ్యి ఎందుకు ఆగిపోయింది, ఎందుకంటే నీళ్ల మగ్గు అందిస్తూ జైనబ్ మామూలుగా అనేసింది, ఉస్మాన్ మామ ఇంట్లో పుట్టిన పెయ్య గదన్నా ఇది, దీని తల్లికి సూదేసింది గూడా నువ్వే, నలభై ఏడో నంబరు ఆబోతుదని మామ ఊరంతా చెప్పుకున్యాడు, మళ్లా అదే ఎయ్, అదే రకం రెండుసార్లు పడితే ఇంగా మంచిది గదా, అంటే ఈ పెయ్యకు తండ్రి నలభై ఏడు, క్యాన్‌లో ఉన్నదీ నలభై ఏడే, యా అల్లా.

ఆ ఆబోతును ఈ నాలుగూళ్లకూ నెత్తిన పెట్టుకుని తెచ్చింది తనే, కేటలాగులో దాని తల్లి పాలు చూశాడు, తల్లి తల్లి పాలు చూశాడు, వెన్న శాతం చూశాడు, దాని కూతుళ్ల పొదుగులు ఇంటింటికీ వెళ్లి తడిమి మరీ చూశాడు, ఆబోతు పుట్టుక అంతా నోటికి వచ్చు, ముందు నిలబడిన పెయ్య ఎవరి బిడ్డో మాత్రం అడగలేదు, రిజిస్టరులో పెయ్య తండ్రి నంబరు గడిలో అడ్డగీత కొట్టి పోయాడు, ఎంత మంది ఇళ్లలో కొట్టాడో ఆ గీత, అయినా కొంప మునిగిందా ఏంది, పులివెందుల ట్రైనింగులో డాక్టరు చెప్పలేదా, ఇంగ్లండులో షార్ట్‌హార్న్ జాతిని నిలబెట్టిన వాళ్లు తండ్రిని కూతురికీ మనవరాలికీ కట్టించే నిలబెట్టారని, చెప్పాడు, ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు, వాళ్లకు మందలున్నాయి, అవిటివి పుడితే ఏరి పారేశారు, ఒక్క ఆవు ఉన్నోడు ఏం ఏరుతాడప్పా అని, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు.

జైనబ్‌కు ఉన్నది ఈ ఒక్కటే, భర్త కువైట్‌లో, ఇంటి పెత్తనం మరిది ముబారక్‌ది, రెండుసార్లు సూది వేయించినా చూలు నిలవలేదు, ఈసారీ నిలవకపోతే గొడ్డును సంతకు తోలేస్తానని వాడు తేల్చి చెప్పాడు, ఆ రెండుసార్లూ వేసింది ఈ నంబరే, నిలవకపోతే పెయ్యకు వేడి చేసింది, దాణా మార్చు అని పెద్ద తెలిసినవాడిలా చెప్పిపోయాడు, ఆమె మార్చింది కూడా, ఛీ, ప్రొద్దుటూరు బీజం డిపోలో వేరే ఆబోతు స్ట్రాలు ఉంటాయి, మధ్యాహ్నం లోపల తెచ్చి వెయ్యొచ్చు, క్యాన్‌లో నైట్రోజన్ తగ్గింది, ఈ సరుకు చెడిపోయిందంటే సరి, ఆమెకేం తెలుస్తుంది, మరి మిగతా ఇళ్లకు ఏం చెబుతావు, అడ్డగీతలు కొట్టిన పెయ్యలన్నింటికీ నైట్రోజనే తగ్గిందా.

ఏందన్నా అట్ల నిలబడితివి, అంటోంది జైనబ్, ఈ అన్నా అనే పిలుపుకు పందొమ్మిదేళ్లు, అంతకు ముందు ఆమె అట్లా పిలిచేది కాదు, పిలవకుండా తలుపు చాటు నుంచి నవ్వేది, ఇద్దరి నాయనలూ ప్రొద్దుటూరులో చాయ్ తాగుతూ పెళ్లి మాట ఖాయం చేసుకుని వచ్చారు, అమ్మ, షాహీదాబీ, పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతూ తలెత్తకుండానే అంది, అది కుదరదు, ఆ పిల్ల తల్లి టైఫాయిడ్‌తో పడిపోతే పది దినాలు నా పాలు తాపినా, ఒక తల్లి పాలు తాగినోళ్లకు మనలో నిఖా లేదు, వీనికి చెల్లెలైతాది, అంతే, వీధిలో ఏ బిడ్డ ఏ తల్లి దగ్గర తాగిందో అమ్మకు తెలుసు, చదువు లేదు, రిజిస్టరు లేదు, ఎవరూ అడగకపోయినా చెప్పింది, తను ఏడాది పాటు అమ్మతో మాట్లాడలేదు, ఆ ఏడాదంతా ఆమె కంచంలో అన్నం పెట్టి పక్కకు పోయి కూర్చునేది.

మూత బిగించాడు, జైనబూ, పెయ్యది ఏం తప్పు లేదు, తప్పు నాది, దీని నాయన బీజమే దీనికి రెండుసార్లు ఏసినా, అడగలేదు, చూడలేదు, నిలిచింటే దూడ ఎట్ల పుట్టేదో, ప్రొద్దుటూరు నుంచి వేరే ఆబోతుది తెచ్చి ఏస్తా, ఆమె మగ్గు కింద పెట్టింది, పెయ్య వీపు మీద చెయ్యి వేసింది, ఇన్నాళ్లూ దీన్నే తిడతాంటి గదన్నా, అంది, పెయ్య ముందుకు గడ్డి తోస్తూ, ప్రొద్దుటూరు పోతావో యాడికి పోతావో పో, పొద్దు నెత్తికెక్కే లోపల రా, అంది, ముఖం చూడకుండా, బండి రెండు కిక్కులకు కదల్లేదు, రేపటికి ఊరంతా తెలుస్తుంది, నాలుగూళ్లకూ తెలుస్తుంది, గీత కొట్టిన ప్రతి గడపా తనే ఎక్కి చెప్పుకోవాలి, మూడో కిక్కుకు బండి పలికింది, అప్పుడు తట్టింది, రొట్టె తిప్పుతూ అమ్మ తల ఎందుకు ఎత్తలేదో, చెబితే కొడుకు తనతో మాట్లాడడని ఆమెకు ముందే తెలుసు, తెలిసే చెప్పింది.