నోటీసు పట్టుకున్న చెయ్యి

కోర్టు కాగితాల్లోంచి ఒక ఫోటో నకలు తీసి మా అమ్మాయి నా ముందు పెట్టింది. మునిసిపల్ ఆఫీసు నోటీసు బోర్డు. మధ్యలో కాగితం. దాని పైమూలను నొక్కి పట్టిన ఆడమనిషి చెయ్యి.

"ఇది అమ్మ చెయ్యి కదా నాన్నా?"

బొటనవేలి పక్కన కాలిన మచ్చ. మనిషి పోయి మూడేళ్లు. ఆ మచ్చ మర్చిపోయేది కాదు.

ఆ ఆఫీసులో నేను అటెండరుగా చేశాను. ఊరి వాననీరంతా దిగే పల్లాన్ని ఇళ్ల స్థలాలుగా మార్చాలంటే ముందు నోటీసు పెట్టాలి. జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి అది నెల రోజులు బోర్డు మీద ఉండాలి. చట్టం అది. "ఫోటో తీసి ఫైల్లో పెట్టు. కాగితం నా సొరుగులో పడెయ్," అన్నాడు మేనేజరు. అప్పుడే నా భార్య క్యారియరు తెచ్చింది. కాస్త పట్టుకోమన్నాను.

"జిగురు రాయరా?" అంది.

"నీకెందుకు? పట్టుకో."

"ఇంట్లో చాకిరీ చాలదని ఇక్కడ మేకు ఉద్యోగం కూడానా!" అని నవ్వింది.

ఒక్క అభ్యంతరమూ రాలేదు. ఎలా వస్తుంది? పల్లాన్ని మట్టితో నింపేశారు. అప్పట్నుంచి ప్రతి వానకూ నీళ్లు మా అమ్మాయి ఇంట్లోకే. నా భార్య తన చివరి వానాకాలం అక్కడ నీళ్లు తోడుతూ గడిపింది. "ఏ మహానుభావుడి పుణ్యమో ఇది," అనేది. నేను చీపురు అందుకునేవాణ్ణి. నోరు విప్పలేదు.

ఇప్పుడు అమ్మాయి కేసు వేసింది. నోటీసు పెట్టలేదని తేలితే అనుమతి రద్దవుతుంది, మట్టి ఎత్తాలి. పెట్టామని ఆఫీసువాళ్లు చూపిస్తున్నది ఈ ఫోటోనే.

"అంటించిన కాగితాన్ని ఎవరూ పట్టుకుని నిలబడరు," అంది. "అమ్మ చెయ్యి కనబడే ఫోటో ఇంకోటి కావాలి. లాయరుగారు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తారట."

"నన్నడగవా?"

"ఇన్నేళ్లు చెప్పనివాడివి. నిన్నేం అడగను?"

గోడ మీది పటం కోసం స్టూలెక్కింది. అందులో వాళ్లమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీ అమ్మని కోర్టుకి ఈడ్వకు," అన్నాను. "పట్టుకోమన్నది నేను. నేనే వచ్చి చెబుతా."

అమ్మాయి వెనక్కి తిరగలేదు.

"రా. చెప్పు. ఇది కూడా తీసుకెళ్తా. అక్కడికొచ్చాక నువ్వు మళ్లీ చీపురు అందుకుంటే?"

స్టూలు ఊగింది. పట్టుకున్నాను.